పాల క్యాను ఎవరెత్తాలి

కిటికీ పక్క మంచం పేషెంటుగారికి,

ఆసుపత్రి నుంచి గుమాస్తా రాయునది. గర్భసంచి జారినందుకు మీకు ఆపరేషన్ జరిగి మూడు నెలలు కావస్తోంది. డాక్టరమ్మగారి పనితనం మీకెంత తృప్తినిచ్చిందో పదికి మార్కులు వేసి పంపగలరు.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఇంతవరకు ఆవిడకు తొమ్మిదికి తక్కువ ఎవరూ వేయలేదు. ఊరికే చెబుతున్నాను.

*

గుమాస్తాగారికి నమస్కారాలు.

నేను కులాసా. దగ్గినా తుమ్మినా భయం లేదు. నడుస్తుంటే ఏదో జారుతున్నట్టు ఉండేది, అదీ పోయింది. మార్కులు రెండు. కారణం చెప్పుకునేది కాదు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం పేషెంటు

తా.క. 'మూడు నెలలు బరువులెత్తకూడదు' అని మీరిచ్చిన చీటీ నలిగిపోయింది. కొత్తది పంపండి. 'మూడు నెలలు' అన్నది మాత్రం రాయకండి.

*

అమ్మా,

మీ రెండు మార్కులు చూసి డాక్టరమ్మగారు మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. చెప్పుకోలేని బాధంటే కుట్లు ఊడాయేమోనని ఆవిడ అనుమానం. వెంటనే రండి. మళ్ళీ ఆపరేషన్ చేస్తాం, ఖర్చు మాది.

ఇట్లు,
గుమాస్తా

తా.క. గడువు తీరిన పేషెంట్ల ఇళ్లకు పంపే కార్డు మీ వారికీ పంపాను. ఇక మీరు అన్ని బరువులూ ఎత్తవచ్చునని అందులో ఉంది. సంతోషిస్తారని.

*

గుమాస్తాగారికి,

సంతోషించారు. మా ఆయన వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగుకి వినపడేలా చదివాడు. మా అత్తగారు నిండు పాల క్యానును నా కాళ్ల దగ్గరికి జరిపి, "మహారాణీ, సెలవులైపోయాయి, లే" అంది.

కుట్లు గట్టిగానే ఉన్నాయి. డాక్టరమ్మ చేతికి పదికి పది. కానీ పెళ్లయిన నాటి నుంచి రెండుపూటలా పాల కేంద్రం దాకా ఆ క్యాన్లు మోసింది నేను. ఆ జారడం ఎక్కడిదనుకున్నారు? ఈ మూడు నెలలే ఆయన మోశాడు. గడువు అయిపోతోందనే రెండు వేశాను. ఇప్పుడది అయిపోనే అయిపోయింది, ఆ రెండూ కొట్టేయండి.

ఇట్లు,
క్యాను పక్కన కూర్చున్న పేషెంటు

తా.క. మగవాళ్లకి కూడా బరువులు మాన్పించే ఆపరేషన్ ఉందేమో కనుక్కోమని ఆయన మొన్నటిదాకా పోరుపెట్టాడు.

*

అమ్మా,

మీ ఉత్తరం డాక్టరమ్మగారికి చదివి వినిపించాను. నవ్వారు. తర్వాత నా కార్డు సంగతి విని నన్ను చెడామడా తిట్టారు. నిండు క్యాన్లు మోస్తే కుట్టినదంతా మళ్ళీ జారొచ్చట. మీ వారికి ఇంకో కార్డు పంపాను. జన్మలో ఎత్తకూడదని ఆవిడే రాసి సంతకం చేశారు.

ఇట్లు,
గుమాస్తా

తా.క. మగవాళ్లకు అలాంటి ఆపరేషన్ లేదు. నా కోసం కూడా విచారించాను.

*

ఆసుపత్రి బాబుకి,

కిటికీ పక్క మంచంలో పడుకున్న పిల్లకి అత్తను. నాకు రాత రాదు, కోడలు రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

రెండో కార్డు చదివించుకుని విన్నాను. నాకూ అలాగే జారింది. గుడ్డ బిగించుకుని పని చేసుకుంటున్నాను. ఆడదాని ఒళ్లంటే ఇంతేలే అనుకున్నా. దీనికి వైద్యం ఉందని నాకెవరు చెప్పారు? కోడలు మంచమెక్కితే నాటకమని ఆడిపోసుకున్నాను. నేను ఓర్చుకున్నది ఇది ఓర్చుకోదేమని నా ఒళ్లుమంట. నన్నెప్పుడు రమ్మంటావు?

ఇట్లు,
అత్త (వేలిముద్ర)

తా.క. ఇది నా మాట, కోడలిది. "ఎప్పట్నుంచి అత్తా?" అని అడిగాను. "నీ మొగుణ్ణి కన్నప్పట్నుంచి" అంది. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. రెండు క్యాన్లూ ఎత్తుకుని పాల కేంద్రం వైపు నడిచాడు. ఇంకా పాలు పితకలేదు, అవి ఖాళీవని చెప్పబోయి ఊరుకున్నాను.