జాలీ పంచాయితీ

సిరిసిల్ల, 12-9-2011

జగిత్యాల ఆస్పత్రిల ఆపరేషన్ గదిల పనిచేసే మా బామ్మర్ది జనార్దన్‌కు బావ గంగయ్య రాయునది. ఈడ అందరం మంచిగున్నం, నా గజ్జ తప్ప.

కార్ఖానల ఈ కరెంటు మగ్గాల, సాంచెల చప్పుడుల ఫోన్ మాట్లాడాల్నంటే అరవాలె. గీ రోగం అరిచి చెప్పేది కాదు. నా హెర్నియాకు మీ డాక్టరు లోపట వల లెక్కటి జాలీ ఏస్తనన్నడు గదా. తేలికది, బరువుది రెండుంటయట. నాకు బరువుదే ఏయించు. ఇరవై ఏండ్ల సంది బట్ట నేస్తున్న, పల్చటిది ఎన్నొద్దులు ఆగుతదో నాకెరుక.

నీ బావ

తా.క. మీ అక్కకు చెప్పలే. కాళ్ళు ఎడం పెట్టి నడుస్తుంటే నాకు పొగరెక్కిందనుకుంటున్నది.

---

జగిత్యాల, 15-9-2011

బావకు నమస్కారం.

డాక్టర్ సారును అడిగాను. తేలిక జాలీకి కన్నాలు పెద్దవి, వాటిలోంచి నీ కండే పెరిగి పట్టుకుంటుందట. బరువుది బిరుసు, కొందరికి లోపల గుచ్చినట్టుంటుందట. నీకు రెండూ దాదాపు ఒకేలా ఆగుతాయన్నారు. ముందు నువ్వు రా. ఆ గడ్డ లోపలికి పోకుండా ఇరుక్కుంటే పేగు కుళ్ళిపోతుంది.

జనార్దన్

తా.క. కత్తిరించగా మిగిలిన జాలీ ముక్క పంపుతున్నాను. అక్కకు చూపించకు, చాయ్ వడపోస్తుంది.

---

సిరిసిల్ల, 19-9-2011

బామ్మర్దికి దీవెనలు.

నీ ముక్కను పోగులు లెక్కపెట్టే అద్దం కింద పెట్టి చూసిన. అది బట్టనా? గిసువంటిది నేస్తే మా ఆసామి సాంచె కాడికి రానియ్యడు. కార్ఖానల అందరికి చూపెట్టిన. గిండ్ల శెనగలు గూడ ఆగయన్నరు. అందుకే జోడు పోగుతోటి నేనే నేస్తున్న. ఉడకబెట్టి అదే ఎయ్యమను.

గంగయ్య

తా.క. నిన్న గడ్డ గంటసేపు లోపటికి పోలే. పండుకుంటే పోయింది. నేత మాత్రం ఆపలే.

---

జగిత్యాల, 22-9-2011

బావా! నమస్కారం తర్వాత పెడతాను.

నువ్వు నేసింది ఒంట్లో పెడితే చీము పడుతుంది. ఇది ప్రాణంతో పని. బరువు జాలీయే వేస్తానని డాక్టర్ సారు ఒప్పుకున్నారు, నువ్వే గెలిచావు. తెలంగాణ సమ్మెకు బస్సులు బందయ్యాయని కూర్చోకు, ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కు. నాకు భయంగా ఉంది.

జనార్దన్

తా.క. అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఇక నీ పొగరు సంగతి ఆమె చూసుకుంటుంది.

---

కోరుట్ల, 30-9-2011

బామ్మర్దికి, దవాఖాన మంచంల నుంచి బావ రాసేది.

పాణం దక్కిందని మీ అక్క పద్మ నీకు ఫోన్ల చెప్పిందట. జాలీ సంగతి నేను చెప్త.

జగిత్యాలకు ఏ బండి లేకుంటే కోరుట్ల దాక జీపు దొరికింది. కథలాపూర్ కాడ తెలంగాణ కోసం రోడ్డు మీదనే వంటలు పెట్టిండ్రు, జీపు ఆగింది. గక్కడనే గడ్డ ఇరికింది. "మా ఆయిన చస్తుండు, తొవ్వియ్యిండ్రి!" అని మీ అక్క మొత్తుకుంటే, ఉడికే అన్నం గంజులు దించి జీపుకు తొవ్వ ఇచ్చిండ్రు. కోరుట్లలనే కోసిండ్రు. జానెడు పేగు తీసేసిండ్రు.

తెలివికి రాంగనే, "సారూ, బరువు జాలీయేనా?" అని అడిగిన.

"పేగు కుళ్ళినకాడ ఏ జాలీ ఎయ్యం. వట్టి దారంతోటి కుట్టినం" అన్నడు.

నా మొండితనానికి నాకే ఏడ్పొచ్చింది, జనార్దన్.

నీ బావ

తా.క. వట్టి కుట్లు ఆగకపోవచ్చట. మళ్ళ దిగితే అప్పుడు జాలీ ఏస్తరట. ఏది ఎయ్యాల్నో నన్ను అడగొద్దని మీ అక్క డాక్టరుతోటి ఒట్టేయించుకున్నది.