ఊపిరి బిగబట్టకూడదట

నాయనా,

ఈ పొద్దున పడవలో ఒక పెద్దావిడ నీళ్లలో మునిగేటప్పుడు ముఖానికి పెట్టుకునే అద్దం లోపల ఉమ్మి, వేలితో రుద్దింది. అలా చేస్తే ఆవిరి పట్టదట. బావిలో దిగేముందు అరచేతుల్లో ఉమ్ముకునే నువ్వు గుర్తొచ్చావు. నేనూ ఉమ్మాను. మా బడి నడిపే కాన్వెంటు సిస్టర్లు చూడలేదులే.

ఈ కరీబియన్ దీవికి లెక్కల టీచరుగా వచ్చి ఏడాదైంది. ఒడ్డు పక్కనే పగడాల దిబ్బ ఉంది. అలలుండవు, మన కోయిలకుంట్ల బావి కంటే లోతు తక్కువ. అయినా రెండుసార్లు పడవ ఎక్కి, దిగే ధైర్యం లేక తిరిగొచ్చేశాను.

ఈరోజు దిగాను. దిగగానే అలవాటుగా ఊపిరి బిగబట్టాను. ఊరి బావుల్లో మునిగి మోటారు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వుకు పట్టిన చెత్త తీసే నువ్వు నాకు నేర్పిన మొదటి పాఠం అదే కదా: "గట్టిగా బిగబట్టు పాపా, ఊపిరి ఇడిస్తే నీళ్లు మింగుతావు."

ఇక్కడ డైవింగు నేర్పే ఆయన నా భుజం తట్టి, చేత్తో సైగ చేశాడు: పీల్చు, వదులు. వీపున గాలి సిలిండరు ఉన్నప్పుడు ఊపిరి ఆపడమే తప్పట. వదిలాను. బుడగలు పైకి పోయాయి.

ఒక నీలం చేప పగడాన్ని కొరుకుతుంటే పటికబెల్లం నమిలినట్టు చప్పుడు వినిపించింది. నువ్వైతే "ఇవి కూరకొస్తాయా పాపా?" అని అడిగేవాడివి.

పైకొచ్చాక అమ్మకు ఫోన్ చేసి, దిగిన సంగతి చెప్పాను. "యాడుండావు? నీళ్లలోనా?" అని అడిగింది. తర్వాత, "మళ్లా ఎప్పుడు పోతాండావు?" అంది. శనివారం అన్నాను.

నువ్వు బావిలోంచి పైకి రాని రోజు తర్వాత నేను నీళ్లలో తల ముంచడం ఇదే మొదటిసారి.