తూటా తగలని కాలు

1976 మార్చి 5, శుక్రవారం. ఒమాన్, నిజ్వా సైట్.

సెలవు. ఇక్కడివాళ్ళు వాదీ అనే ఎండిన ఏటిలో, గులకరాళ్ళ మీద మనవాళ్ళు ఫుట్‌బాల్ ఆడారు. నాకు కుర్చీ వేశారు — పెద్దమనిషి మర్యాద! బంతి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. కదల్లేదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

"పాపం, ఫౌజీ అన్న కాలు మంచిగుంటెనా... మనందర్ని ఒక్కడే ఉరికిస్తుండె" అన్నాడు మా రూమ్ పోశెట్టి.

కాలు మంచిగానే ఉంది. ఎనిమిది నెలలుగా బ్రహ్మాండంగా ఉంది.

వచ్చిన మొదటి వారం ఇసుక మోస్తుంటే మోకాలు వాచింది. ఫోర్‌మన్ రహీం భాయ్ చూశాడు. ఆయనది హైదరాబాదే. "క్యా ఫౌజీ, లడాయిలో తూటా తగిలిందా?" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అంతే... గేటు దగ్గర కూర్చునే డ్యూటీ ఇచ్చాడు. పది రోజుల్లో వాపు పోయింది. కుంటడం పోలేదు. ఏ కాలో మరిచిపోకుండా ఎడమ బూటులో చిన్న రాయి వేసుకుంటాను. పదిహేనేళ్ళు సైన్యంలో చేసి నేర్చుకున్న తెలివి ఇది. ఛీ.

మార్చి 9

పోశెట్టి పరంజా మీది నుంచి పడ్డాడు. నా కళ్ళ ముందే. లేచి పరుగెత్తబోయి... గుర్తొచ్చింది. కుంటుతూ వెళ్ళాను. అందరికన్నా ఆఖరున చేరాను.

మార్చి 10

అన్నం సయించడం లేదు. నిన్న ఎందుకు పరుగెత్తలేదురా నువ్వు?

మార్చి 16

పోశెట్టిని ఆసుపత్రి నుంచి తెచ్చి దింపారు. మోకాలి దాకా పిండికట్టు. ఇక పైకెక్కే పని చెయ్యలేడని డాక్టరు చెప్పాడట. రహీం భాయ్ నన్ను పక్కకు పిలిచాడు — "కంపెనీ ఉంచుకోదు. నెలాఖరుకు వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తది. ఈడ కూర్చునే డ్యూటీ ఒక్కటే ఉన్నది. అది నీది."

ఆ మాట పోశెట్టి చెవిన పడనే పడింది. ఇంటి దగ్గర భార్యకు ఏడో నెల.

"నీ జాగ నాకొద్దన్నా. దేశం కోసం కాలిచ్చినోనివి. నేనే పోత తియ్."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 17

అరవై అయిదు యుద్ధం. రాయాలి. ఇక్కడైనా రాయాలి.

నన్ను సైన్యంలోకి తీసుకున్నది నా ఆట చూసి. బొల్లారంలో మట్టి మీద, బూట్లు లేని కాళ్ళతో ఆడేవాళ్ళం. ఒక సుబేదారు చూసి, మా యూనిట్ టీములో ఆడతావా అన్నాడు. ఏడేళ్ళు ఆడాను. తుపాకీ పట్టింది పరేడ్‌లోనూ, చాందమారీలో గురి నేర్చుకునేటప్పుడూ, అంతే. యుద్ధం మొదలైన వారం మోకాలు బెణికింది. నిజంగానే బెణికింది. మూడు రోజుల్లో తగ్గింది. నాలుగో రోజు సరిహద్దుకు బండెక్కాలి... డాక్టరు ముందు కుంటుతూ నడిచాను. అన్‌ఫిట్ అని చిట్టీ రాశాడు. జాబితాలో నా పేరు కొట్టేసి యాదగిరి పేరు రాశారు. టీములో నా పక్కన ఆడేవాడు. రైలు కిటికీలోంచి అరిచాడు — "కాలు మంచిగ చూస్కో. నేనొచ్చినంక మల్ల ఆడాలె."

రాలేదు.

మార్చి 18

గేటు తెరిచాను. మూశాను. పిరికి వెధవ.

మార్చి 19, శుక్రవారం

బూటులో రాయి పారేశాను. రహీం భాయ్ దగ్గరికి తిన్నగా నడిచి వెళ్ళాను. "నా కాలు బాగున్నది. గేటు పోశెట్టికి ఇయ్యి భాయ్." నమ్మలేదు. యార్డు చుట్టూ పరుగెత్తి చూపించాను. అడ్డం వచ్చి వాటేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"బస్, బస్ ఫౌజీ! దర్ద్ దాచుకొని ఉరుకుతున్నవ్. నీ దిల్ పెద్దది."

తూటా లేదు భాయ్, ఎన్నడూ లేదు... ఈ ఒక్క మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మార్చి 21

గేటు పోశెట్టికి ఇచ్చారు. ఇక ఎక్కడికీ పంపరు. నేను ఇసుక మోస్తున్నాను. నాకు తట్ట సగమే నింపుతారు. "నువ్వు మెల్లగ రా అన్నా" అంటూ నలుగురూ నా వంతు పంచుకుంటున్నారు. మెస్‌లో మొదటి వడ్డన నాకే. ఇదివరకు కుర్చీ ఒక్కటే ఇచ్చారు. ఇప్పుడు దండాలు కూడా పెడుతున్నారు. తల ఎత్తలేక చస్తున్నాను.

మార్చి 26, శుక్రవారం

ఉత్తరాల రోజు. రూమ్‌లో చదువు వచ్చినవాణ్ణి నేనే. అందరివీ నేనే రాస్తాను. పోశెట్టి కట్టు కాలు మంచం మీద చాపుకుని భార్యకు చెబుతున్నాడు.

"రాయన్నా... ఈడ ఒక ఫౌజీ అన్న ఉన్నడు. లడాయిల తూటా తగిలిన కాలుతోని ఇసుక మోస్తుండు. కూసునే డ్యూటీ నాకిచ్చిండు. నా నౌకరి ఆయన పుణ్యమే."

రాశాను.

"కొడుకు పుడితే ఆయన పేరే పెట్టుకుందం."

ఆగిపోయాను.

"రాయన్నా, నీ అసలు పేరు రాయి. ఫౌజీ అంటే మా దానికేం ఎర్క?"

"పోశెట్టీ, నా కాలికి..."

"ఏందన్నా, నొస్తుందా?" — లేవబోయాడు. ఆ పిండికట్టుతోనే. నా కాలు పిసకడానికి.

ఏం లేదన్నాను. పడుకోమన్నాను. కలం కాగితం మీద ఊరికే ఆడించాను. రాశాననుకున్నాడు. ఎప్పటిలాగే, ఒకసారి చదివి వినిపియ్యమన్నాడు. మొదటి నుంచి చదివాను. పేరు దగ్గర కాగితం ఖాళీగా ఉంది. చదవడం మాత్రం నా పేరు చదివాను, స్పష్టంగా. మంచి పేరన్నాడు.

కవరు ఇంకా అంటించలేదు. పొద్దున మస్కట్ పోయే బండిలో ఇవ్వాలి.