అమ్మమ్మ కంచం పక్కన నీ పేరు

యాప్రాల్, సికింద్రాబాద్
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి షుగరు అదుపులో ఉందా? ఇక్కడ నేను, మీ మరిదిగారు, పాప అందరం కులాసా. అమ్మమ్మ కూడా బాగుంది. బాగుందంటే నిజంగానే బాగుంది, ఒట్టు. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకో రెండు మూడు సార్లు రాస్తాను. కంగారు పడకు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుతున్నావు కదూ. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి కూరలు తరుగుతూ మాట్లాడతావు. ఇక్కడ నా పక్కన, రేపటి నుంచి నీ పక్కన పీట మీద అమ్మమ్మ ఉంటుంది. ఇప్పుడు నేను చెప్పేది ఆవిడ చెవిన పడకూడదు. అందుకే కాగితం మీద రాసి, కవర్లో చుట్టి, నీ స్టీలు డబ్బా మూత కింద పెట్టి పంపుతున్నాను. రేపు మీ మరిదిగారు ఆవిడను దగ్గరుండి పాలకొల్లు తీసుకొస్తున్నారు. డబ్బా నువ్వే తెరువు.

ముందు ఒక మాట ఒప్పేసుకుంటాను. ఈ ఇరవై రోజులూ నీ మీద కుళ్ళుకుని చచ్చాను.

నీకు తెలియనిదేముంది? పెళ్ళయిన పదకొండేళ్ళూ మా అత్తగారి వంటింట్లో కొబ్బరి కోరాను, చింతపండు పిసికాను, గిన్నెలు సర్దాను. గరిట మాత్రం ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వలేదు. మీ మరిదిగారికి ఇక్కడికి బదిలీ అయ్యాక, ఎనిమిది నెలల కిందట, మొదటిసారి నా పొయ్యి నేను వెలిగించుకున్నాను. ఇక్కడి ఎండ చెమట పట్టించదు, పెదాలు పగలగొడుతుంది. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకనే ఉడకదు. దానికి క్యాను నీళ్ళు పోయాలి. ఆయన ఎనిమిదింటికి ఆఫీసుకు, పాప బడికి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా నాతో మాట్లాడేది కుక్కరే. అలాంటిది అమ్మమ్మ వస్తోందని నువ్వు చెప్పిన రోజు నేను చిన్నపిల్లలా గంతులేశాను. అమ్మమ్మ నా చేతి వంట ఒక్కసారైనా తినలేదు అక్కా. తిని, "బాగుందే లల్లీ" అంటే చాలనుకున్నాను. అంతకన్నా నేను కోరుకున్నది ఏమీ లేదు.

పాత క్యాలెండరు వెనక రాసుకున్నాను కూడా. పళ్ళకు మెత్తగా, కడుపుకు హాయిగా ఉండేవన్నీ. కంద బచ్చలి, పాలు పోసిన బీరకాయ కూర, ఉప్పుడు పిండి, మెంతి మజ్జిగ, మినపరొట్టె, ఆనపకాయ పులుసు. లేత కంద కోసం మోండా మార్కెట్ దాకా వెళ్ళి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

తీరా వండి పెడితే?

"బానే ఉందే. మీ అక్కైతే కంద ఇంకాస్త మెదుపుతుంది."

సరే, మెదపలేదు, తప్పు నాదే. మర్నాడు బీరకాయ కూర. "మీ అక్క చేస్తే పాలలా తెల్లగా వస్తుందే." ఉప్పుడు పిండి చేస్తే, "నీది కాస్త ముద్దయింది, వరలక్ష్మిది పొడిపొడిగా రాలుతుంది." మినపరొట్టెకు అడుగు ఎర్రగా కాలలేదట. ఇవన్నీ సహించాను. ఒకరోజు చారుకు పోపు పెడుతుంటే, "మీ అక్క పోపు పెడితే వీధిలోకి వినిపిస్తుందే" అంది. అదీ ఒక గొప్పేనా అక్కా? ఇక్కడ మాది మూడో అంతస్తు, వీధిలోకి వినిపించాలంటే నేను మైకు పెట్టుకోవాలి.

దీనికి తోడు నీ డబ్బా. నీ పెళ్ళికి అమ్మమ్మ కొనిచ్చిన సెట్టులోది, 'సౌ. వరలక్ష్మి' అని చెక్కించినది. దాన్నిండా నువ్వు కొట్టి పంపిన కరివేపాకు కారం. నేను ఏం వడ్డించినా సరే, నోట్లో పెట్టుకోకముందే దాని మీద నీ కారం ఒక చెంచా పడాల్సిందే. పూటపూటా నా కూర ఎదురుగా నీ పేరు. నేను డబ్బాను గోడవైపు తిప్పి పెట్టేదాన్ని. ఆవిడ చెంచా కోసం మళ్ళీ ఇటు తిప్పేది. ఒళ్ళు మండిపోయేదనుకో.

నీ ఒక్కదాని మీదే అనుకున్నావా? కింది వాటాలో సుగుణక్క ఉంటుంది. పుట్టిల్లు బొల్లారం, మనసు మంచిది, నోరు పెద్దది. ఒక సాయంత్రం సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి వేసి, గిన్నె లోపల అద్ది కాలుస్తారిక్కడ. మెత్తనివి తప్ప తినలేదని నేను అన్నీ ఉడకబెట్టి చస్తుంటే, అమ్మమ్మ కట్టుడు పళ్ళతో దాన్ని కరకరా నమిలి, "అబ్బ, ఎంత కరకరలాడుతోందే అమ్మాయ్!" అంది.

సుగుణక్క నా వంక చూసి, "ఏందమ్మా లలితా, మీ అమ్మమ్మ నాలుగు ముక్కలు తింటే నీ మొఖం గట్ల వెట్టినవ్? రేపు నీకు సుత తెస్తలే" అంది. నవ్వాను గానీ, ఆ గిన్నె కడిగి ఇచ్చేటప్పుడు కాస్త గట్టిగానే తోమాను.

ఇక అసలు సంగతి. నిన్నటి శనివారం కాదు, అంతకు ముందుది. శనివారం నాకు ఒంటిపూట కదా. పైగా ఆ రోజు వంట ముందు వెంకన్నకు చూపించాలి కాబట్టి నోట్లో వేసుకుని రుచి చూడను. ఆనపకాయ పులుసులో ఉప్పు వేసి, బెల్లం తరుగుతున్నాను. కింద నుంచి సుగుణక్క కేక. "లలితా! ట్యాంకర్ వచ్చింది, జెర జల్దీ రా, గా పైపు పట్టాలె!" పరుగెత్తాను. నీళ్ళు నింపించి వచ్చి, బెల్లం వేసి, మళ్ళీ ఉప్పు కూడా వేశాను. వేసినట్టు నాకు గుర్తే లేదు. నైవేద్యం పెట్టి, మీ మరిదిగారికి క్యారియర్ పంపించాను. పాప పులుసు ముట్టదు, పెరుగన్నం తిని ఆటలకు పోయింది. అమ్మమ్మకు వడ్డించాను.

ఆవిడ నాలుగు ముద్దలు తిని ఆగింది. నా వంక చూసింది. "ఈవేళ పులుసు బాగా కుదిరిందే లల్లీ. ఇంకాస్త పొయ్యి."

అంతే! నీ పేరు ఎత్తలేదు. నీ డబ్బా మూత తియ్యలేదు. రెండోసారి పోయించుకుని మరీ తింది. నేను వంటింట్లోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. సంతోషంతో. నీకు ఫోన్ చేసి చెప్పాలని నంబరు కూడా తీశాను, గొప్పకు.

అప్పుడే మీ మరిదిగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, పులుసులో ఉప్పు వేశావా, ఉప్పులో పులుసు వేశావా? ముసలావిడకు పెట్టకు, చచ్చిపోతుంది!"

గరిటెడు తీసుకుని నాలిక మీద వేసుకున్నాను. ఒంటిపూటా లేదు ఏమీ లేదు. సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేశాను. అలాంటి దాన్ని అమ్మమ్మ రెండుసార్లు పోయించుకుంది.

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "అమ్మమ్మా, పులుసులో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందే."

"రెండుసార్లు వేశానమ్మమ్మా. విషంలా ఉంది."

ఆవిడ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత అంది. "అందుకేనన్నమాట, ఇన్నాళ్ళకు నాలిక్కి ఏదో తగిలినట్టయింది."

రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంది చూడు, అప్పుడే పోయిందట అక్కా. రుచీ లేదు, వాసనా లేదు. ఏం తిన్నా గడ్డి నమిలినట్టేనట. నీ కారం మాత్రం నాలికను చురుక్కుమనిపిస్తుంది కాబట్టి అన్నిటి మీదా జల్లుకుంటుందట. సర్వపిండి చప్పుడు కోసం తింది. ఆవిడ నా వంటకు పెట్టిన వంకలన్నీ అప్పుడు గుర్తు చేసుకున్నాను. రంగు, మెత్తదనం, చప్పుడు. ఉప్పు గురించి గానీ పులుపు గురించి గానీ ఒక్క మాట లేదు. నా కుళ్ళులో నేనుండి అది గమనించనేలేదు.

"మరి అక్కకు చెప్పలేదేం?" అన్నాను.

"ఏమని చెప్పనే? అది మోకాళ్ళు పట్టుకుని పొద్దున్నే లేచి నా కోసం నాలుగు రకాలు చేస్తుంది. చెబితే దానికి మళ్ళీ గరిట పట్టుకోబుద్ధేస్తుందా? దానికి చెప్పకు."

"మరి నాకెందుకమ్మమ్మా ఆ వంకలన్నీ?"

"ఏదో ఒకటి అనకపోతే మీకు తెలిసిపోదూ? మీ అక్క వంట రుచి నాకు గుర్తుంది కాబట్టి అదన్నాను. నీ వంట ఎప్పుడు తిన్నానే, గుర్తుండటానికి?"

అక్కా, ఆ మాట ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అంది. కానీ ఆ రోజు నేను నీ మీద కుళ్ళుకున్నంతగా పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కుళ్ళుకోలేదు. నీ బొమ్మలకు, నీ జడకు, నీ కంచిపట్టుకు, దేనికీ. నీ కంద బచ్చలి ఆవిడకు గుర్తుంది. నాది ఇంక ఎప్పటికీ తెలియదు. నేను ఎంత నేర్చుకున్నా, ఏ మార్కెట్ నుంచి ఏం తెచ్చినా తెలియదు. గరిట నా చేతికి ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది.

కంగారు పడకు, ఆవిడ ఆరోగ్యం బాగుంది. ఆ సాయంత్రమే సుగుణక్క బీపీ మిషన్ తెచ్చి చూసింది. "పరేషాన్ గాకు, అంతా మంచిగనే ఉన్నది" అంది. డాక్టరుకు కూడా చూపించాం. గుండె, ఊపిరి అన్నీ భేషుగ్గా ఉన్నాయట. రుచి మాత్రం ఈ వయసులో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు అన్నాడు.

మర్నాడు వండబుద్ధి కాలేదు. మజ్జిగ పులుసు పెట్టి, ఆవిడకు వడ్డించి, నేనూ కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. నీకు గుర్తుందా, చిన్నప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర నుంచి "వరలక్ష్మీ, ఉప్పు చూడవే" అని పిలిచేది. నీ అరచేతిలో రెండు చుక్కలు పోసేది. నువ్వు పెద్ద తీర్పరిలా నాకి చెప్పేదానివి. నేను తలుపు పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ రోజు పిలిచింది.

"ఎలా ఉందో నువ్వు తిని చెప్పవే లల్లీ."

తిన్నాను. "ముందు పులుపు తగిలిందమ్మమ్మా. కాస్త ఎక్కువే, పెరుగు రెండో రోజుది. తర్వాత అల్లం గొంతులో. చివర్న మెంతి చేదు."

ఆవిడ కళ్ళు మూసుకుని ముద్ద నమిలింది. "మెంతులు మాడ్చావా?"

"కొంచెం."

"మీ అమ్మా అంతే. చెప్పినా వినేది కాదు" అని నవ్వింది. ఆ పూట అన్నం ఇంకాస్త పెట్టించుకుంది. ఈ ఎనిమిది రోజులూ అదే మా భోజనం. నేను తింటూ చెబుతాను, ఆవిడ వింటూ తింటుంది. ఊరికే 'బాగుంది' అంటే ఊరుకోదు. ఆవ ముక్కుకెక్కిందా, చింతపండు పాతదా కొత్తదా, అన్నీ అడుగుతుంది, దెబ్బలాడుతుంది. నీ డబ్బా తెరవడం మానేసిందా అంటే మానలేదు. మానిందని రాద్దామనిపించింది గానీ, అబద్ధం.

నీకు చెప్పనని అమ్మమ్మకు మాటిచ్చాను. నిజం చెప్పాలంటే మాట కోసం కాదు. నీకు తెలియనిది, నాకు మాత్రమే తెలిసినది, ఆవిడ దగ్గర నాకంటూ ఈ ఒక్కటే ఉంది. దాన్ని నా దగ్గరే దాచుకుందామనుకున్నాను. నిన్న సంచీ సర్దుతుంటే, మడత పెట్టిన చీర ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "అక్కడ నాకెవరు చెబుతారే?" ఇంక దాచలేకపోయాను.

అందుకని నా మాట విను. నీకు తెలుసునని బయటపడకు. అందరికీ వడ్డించి ఆఖరున తినే అలవాటు మానెయ్. ఆవిడ ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చుని, తింటూ పైకి చెప్పు, ఏదో మాటల్లో అన్నట్టు. నీకిది చిన్నప్పటి పనే. డబ్బా ఖాళీగా పంపకూడదని నేను కొట్టిన కరివేపాకు కారం నింపాను. మిరపకాయలు తగ్గించాను, కడుపులో మంటగా ఉంటోందని రెండుసార్లు అంది. మీ మరిదిగారు తిరిగొచ్చేటప్పుడు పనసపొట్టు పంపించు. ఆయన మా అత్తగారింటికీ వెళ్ళొస్తారు, అక్కడ అటక మీద 'సౌ. లలిత' అని చెక్కిన గిన్నెలు ఉండాలి, ఒక్క డబ్బా అయినా అడిగి తీసుకురమ్మని చెప్పు. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, కోపంగా కాకుండా. బావగారికి మరీ మరీ. పెద్దదానివి, అక్కడి నుంచే నా నెత్తిన చెయ్యి పెట్టినట్టు అనుకుని రెండు అక్షింతలు వెయ్యి.

ఒక్కటి ముందే చెబుతున్నాను. నీకు మొదట్లో సరిగ్గా రాదు. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తావు. అప్పుడు అమ్మమ్మ ముద్ద ఆపి, "లల్లి చెప్పినట్టు లేదే" అంటుంది. అననీ అక్కా. కొన్నాళ్ళు నువ్వూ కుళ్ళుకో.

నీ చెల్లెలు
లల్లి