నాన్న తగ్గించి చెప్పిన గంపలు

9 ఫిబ్రవరి 1971, మంగళవారం

ఎల్లుండే నా డాక్టరేట్ వైవా. రేపు పొద్దున్నే రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి విశాఖపట్నం వెళ్ళాలి. సాయంత్రం నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటుంటే, ఆయన్నే పరీక్షాధికారి అనుకుని నా థీసిస్ మొత్తం తెలుగులో అప్పజెప్పాను. ఏ నెలలో ఎంత చేప పడుతుందో, మూడేళ్ళు మా ఒడ్డున నిలబడి ప్రతి పడవనూ అడిగి రాసుకున్న పట్టికలు చదివి వినిపించాను.

నాన్న పకపకా నవ్వాడు.

"ఎన్ని గంపలు పడ్డాయంటే మనోళ్ళు ఉన్నదున్నట్టు చెబుతార్రా? దిష్టి తగలదూ? పది పడితే ఏడంటారు."

ఈ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలియని సంగతా ఇది! చేతిలోకి పుస్తకం రాగానే ఎలా మర్చిపోయాను?

"మరి నువ్వు, నాన్నా?"

"నీకూ అంతేరా. నిజం చెబుదామనే అనుకునేవాణ్ణి. నోరు రాలేదు."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అందరూ ఒకేలా తగ్గించి ఉంటే నెలకీ నెలకీ తేడా నిలబడుతుంది. ఒకేలా తగ్గించారో లేదో... పరీక్షాధికారులు అడక్కముందే నేనే చెప్పేయాలి. ఆ తర్వాత డిగ్రీ ఇస్తారో, మళ్ళీ ఒడ్డుకి పంపుతారో.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "పరీక్షకి అంతా వచ్చేసిందా, అయ్యా?"

"ఏదో, సగం వచ్చిందమ్మా" అన్నాను.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాకు కంఠతా వచ్చు.