పెరటి గది తాళంచెవి

అనకాపల్లి,
12-8-1964

త్రినాధరావు బావా,

హాజిరాబీని నువ్వు మోసం చేశావు. బ్రోకరు లేకుండా ఇల్లు కొన్నానని ఊరంతా చెప్పుకున్నావే, బ్రోకరైనా ఇంత పని చేసేవాడు కాడు.

ఆవిడ అమ్మింది వీధి వైపు ఇల్లు మాత్రమే. పెరటి గది తనకీ చెల్లెలికీ ఉంచమంటే నా ఎదుటే ఒప్పుకున్నావు. రిజిస్ట్రీనాడు ఘోషా అని ఆవిడ జట్కాలోనే కూర్చుంది. “ఏటి రాసేరు బాబూ?” అని తెర వెనకనుంచి అడిగింది. “మనం అనుకున్నదే రాసేరమ్మా, ఏలిముద్ర ఎయ్యండి” అన్నావు. గదిని కూడా కలిపి రాయించావు. చదవకుండా సాక్షి సంతకం పెట్టినవాణ్ణి నేను. ఘోషా మీద ఉపన్యాసాలిచ్చే నాకు, తెర ఇవతల నిలబడి ఆ నాలుగు ముక్కలు చదివి వినిపించాలని తోచలేదు.

మొన్న గదికి తాళం వేశావు. పక్షవాతంతో ఉన్న ఆవిడ చెల్లెలు మెహబూబ్ జాన్ వానలో వీధరుగు మీద పడుకుని, ఈ ఉదయం పోయింది. పక్కవాళ్లు తమ ఇంట్లోకి రమ్మంటున్నా హాజిరాబీ కదలడం లేదు. “నా సెల్లి దాని గదిలోంచే లెగాలి” అంటోంది. కాగితం చూసుకోమని నాతో అనకు. ఆ కాగితం మోసమని కోర్టులో నేనే సాక్ష్యం చెబుతాను.

ఈ ఉత్తరం తెచ్చిన వలి చేతికి తాళంచెవి ఇవ్వు.

శవానికి స్నానం చేయించి తీసుకెళ్లేదాకా ఆ వైపు రాకు.

గది హాజిరాబీదేనని సవరణ దస్తావేజు రాయించు.