సరిత ముళ్ళ మొక్కలు, నా చెరువు మట్టి

జూన్ 12

సరిత రైలెక్కింది. రెండు నెలల ట్రైనింగు — తిరిగొస్తే హెడ్ నర్సు! నా బిడ్డ, నా బంగారు తల్లి... స్టేషన్లో నేను ఏడవలేదు. ఏడ్చానని అల్లుడు శేఖర్ అంటాడు. కంట్లో నలుసు.

రైలు కదిలేటప్పుడు కూడా ఆమెకు ఒకటే దిగులు — నాచారంలో వాళ్ళ మిద్దె మీద పెంచుకునే ముళ్ళ మొక్కలు. "బాపూ, ఈయనకు షిఫ్టులు. నువ్వు జర అప్పుడప్పుడు పోయి సూడు. కాయితం మీద అంతా రాసి తలుపుకు కట్టిన. సదువు."

చదువుతా బిడ్డా, చదువుతా!

జూన్ 13

మా ఉప్పల్ నుంచి నాచారం దాకా షేర్ ఆటోలో అందరికీ సరిత సంగతి చెప్పాను. ఒకావిడ "మంచిగాయె తాతా" అని హబ్సిగూడలోనే దిగిపోయింది. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

జూన్ 15

మిద్దె ఎక్కాను. నలభై ఒక్క కుండీలు. గుండ్రటివి, పొడుగువి, పువ్వు మాదిరి విచ్చుకున్న లావు ఆకులవి. మధ్యలో పసుపు ముళ్ళ పెద్ద బంతి. సరిత తొలి జీతంతో, నిమ్మకాయంత ఉన్నప్పుడు కొన్నది. తొమ్మిదేళ్ళకు కొబ్బరికాయంత అయింది. తొమ్మిదేళ్ళకు కొబ్బరికాయంతేనా!

కుండీలో వేలు పెట్టి చూస్తే — మట్టి ఏదీ? దొడ్డు ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు. ఇల్లు కట్టగా మిగిలిన చెత్త. ఎవడో నర్సరీ వాడు నా పిచ్చితల్లిని మోసం చేశాడు. పైన ప్లాస్టిక్ రేకు, వాన చుక్క పడకుండా. పాపం.

కాయితంలో ఇలా ఉంది: పుల్ల గుచ్చి చూడు. పుల్లకు మట్టి అంటితే నీళ్ళు వద్దు. అంటకపోతేనే పొయ్యి. వానాకాలం పదిహేను రోజులకు ఒకసారి చాలు.

నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు వరి పండించిన వాడికి పుల్ల గుచ్చడం నేర్పుతుంది! ముద్దొచ్చింది కూడా.

జూన్ 18

చేసేశాను! ఎవరికీ చెప్పకుండా!

పీర్జాదిగూడ పోయాను. మా బామ్మర్ది యాదగిరి బర్రెల కొట్టం వెనుక చెరువు మట్టి కుప్ప — నల్లగా, వెన్న లాగా. రెండు సంచులు. ఏడాది మాగిన పెంట ఒక సంచి.

"దేనికి బావా గింత?"

"నా బిడ్డ సెట్లకు."

"ముండ్ల సెట్లు పెంట తింటయా?"

"ఆకలి లేనిది ఎవనికిరా!"

పొద్దంతా పట్టింది. పాత చెత్తంతా పారబోసి, ఒక్కొక్కదానికీ కొత్త మట్టి. బకెట్లో గుప్పెడు యూరియా కలిపి కడుపు నిండా పోశాను. రేకు పీకేశాను. చేతుల నిండా ముళ్ళు, గోళ్ళలో చెరువు మట్టి. పొలం అమ్మిన తర్వాత ఇన్నాళ్ళకు ఆ వాసన... కూర్చుని చేతులు వాసన చూసుకున్నాను.

శేఖర్ డ్యూటీ దిగి వచ్చి పీకేసిన రేకు ఎత్తి చూశాడు. "మామా... ఆమెను అడిగిన్రా?"

"అడిగితే వద్దంటది. వచ్చి సూసి నోరు తెరుస్తది. ఫోటోలు గిట్ల పంపకు!"

జూన్ 27

ఉబ్బాయి! ఎంత పచ్చదనం! లావు ఆకులవి ఇంకా లావెక్కాయి. యాదగిరికి ఫోను చేసి చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

జూలై 4

నాలుగు రోజులుగా ముసురు. తాగనీ, తాగనీ. పెద్ద బంతి పక్కన కొంచెం పగిలింది. పెరుగుదల అనుకుంటా.

జూలై 8

పెరుగుదల కాదు.

జూలై 9

పొడుగుది ఒకటి పక్కకు ఒరిగింది. నిలబెడదామని పట్టుకున్నాను... వేళ్ళు లోపలికి దిగిపోయాయి. పైకి పచ్చగానే ఉంది. లోపల గంజి. వాసన.

పువ్వు మాదిరివి ముట్టుకుంటే ఆకులు రాలిపోతున్నాయి.

జూలై 10

ఇరవై ఏడు పోయాయి. బంతి కూడా. కుండీలోంచి తీస్తే కింద వేర్లే లేవు, నల్లటి ముద్ద. నా చెరువు మట్టి దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

తొలి జీతం. తొమ్మిదేళ్ళు. నాకు ఇరవై రెండు రోజులు పట్టింది.

జూలై 11

ఇంట్లో నా భార్య నర్సమ్మకు చెప్పక తప్పలేదు, రెండు పూటలు అన్నం వదిలేస్తే అడగదా. వింటూ బియ్యంలో రాళ్ళేరింది. తర్వాత అన్నది — "మన గుమ్మానికి దిష్టికని కలబంద తలకిందుల కట్టినవు. రెండేండ్లాయె. వేర్లు గాలికున్నయి. మొన్న కొత్త మోసు సుత తీసింది. దానికి ఏ సెరువు మట్టి పోసినవయ్యా?"

బయటికి వెళ్ళి చూశాను. నిజమే, నడుమ లేత ఆకు. రోజూ దాని కిందనుంచే పోతాను.

జూలై 14

ఇది రాయకుండా ఉంటే బాగుండు.

సరిత వీడియో కాల్ చేసింది. నేను వాళ్ళ ఇంట్లోనే ఉన్నాను, ఫోనుకు కనపడకుండా, పక్క కుర్చీలో. చేతిలో సగం తిన్న సకినం. "ఇయ్యాల మొక్కలు సూపియ్యాల్సిందే, దాస్తున్నవ్ ఎందుకు?" అన్నది. శేఖర్ మిద్దె ఎక్కాడు, చూపించాడు. కిందికి వినపడింది ఆమె అరుపు.

అప్పుడు శేఖర్ అన్నాడు — "నేనే సరితా. రేకు తీసిన. నీళ్ళు ఎక్కువ పోసిన. తెల్వక."

"తెల్వకనా? కాయితం తలుపుకే కట్టిన గదా! నావి అంటే నీకు ఎప్పుడూ గంతే. నిన్ను నమ్మి పోవుడు నాదే తప్పు."

అతడు మెట్లు దిగుతూనే మాటలు పడుతున్నాడు. నా ముందునుంచే వెళ్ళాడు. "నేనే బిడ్డా" అని నేనొక్క మాట అంటే చాలు. సకినం కొరికితే చప్పుడవుతుందని నోట్లోనే పెట్టుకున్నాను.

ఫోను పెట్టేశాక అన్నాడు — "మామా, ఆమెకు పరీక్షలున్నయి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ చేయొద్దట.

జూలై 15

సిగ్గు.

జూలై 18

నాలుగు రోజులుగా ఆమె శేఖర్‌కు ఫోను చేయడం లేదు. నాకు మాత్రం రోజూ. "తిన్నవా బాపూ? బీపీ గోలి ఏసుకున్నవా?"

ఏసుకున్నాను బిడ్డా.

జూలై 20

తలుపుకు కట్టిన కాయితం విప్పాను. వెనుక పక్క కూడా రాసి ఉంది! నేను తిప్పి చూడలేదు. ముందు పక్క చదివి నవ్వుకుని వదిలేశాను.

వెనుక: బాపూ, ఇవి నీళ్ళు తమ ఒంట్లోనే దాచుకుంటాయి. అందుకే ఇసుక, ఇటుక — పోసిన నీళ్ళు వెంటనే కారిపోవాలి. ఎరువు ఎండాకాలం మొదట్లో ఒక్కసారి, పలచగా. నీకు జాలి అనిపిస్తది, నాకు తెలుసు. జాలిపడకు. వీటికి ఆకలి తక్కువ.

నాకు తెలుసు అని రాసింది. నా సంగతి ఆమెకు తెలుసు.

జూలై 22

ఇటుకలు సుత్తితో కొట్టాను, శనగగింజంత. దుమ్ము జల్లించాను. ఇసుక మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. మిగిలిన పద్నాలుగింటికి చెరువు మట్టి అంతా దులిపాను. కుళ్ళిన చోట కత్తితో కోశాను, లోపల తెల్లగా కనపడే దాకా. కోసిన చోట పసుపు. వారం రోజులు నీడలో, మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా ఉంచాలట. శేఖర్ ఫోనులో చూసి చెప్పాడు. షిఫ్టు దిగి వచ్చి పక్కన కూర్చుని తనూ కోశాడు.

తీసేసిన మట్టి సంచిలో కట్టి ఉప్పల్ తెచ్చుకున్నాను. ఆటోలో కాళ్ళ మధ్య పెట్టుకుని, దొంగ సొత్తు లాగా. మెట్ల కింద దాచాను.

జూలై 30

గాయాలు ఆరాయి. కొత్త ఇసుకలో నాటి, పైన మళ్ళీ రేకు కట్టాను. పది రోజులు చుక్క నీరు పోయకూడదు. బకెట్ కింది అంతస్తులో పెట్టి వచ్చాను. నా మీద నాకు నమ్మకం లేదు.

ఆగస్టు 3

రాలిన ఆకు ఒకటి ఇసుక మీద పారేసి ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. దాని కొసన మెంతిగింజంత పిలక! గట్టిగా అరిచాను. పక్క మిద్దె వాళ్ళు తొంగి చూశారు.

ఆగస్టు 8

రేపు వస్తుంది. ఆమెతో చెప్తానని శేఖర్‌తో అన్నాను. నవ్వాడు — "ఇడిసిపెట్టుండ్రి మామా. నేను తిన్న తిట్లు అరిగినయి గూడ. మల్ల మీకెందుకు వడ్డిస్తది?"

ఎంత మంచివాడు. అతడి మంచితనం వెనుక దాక్కున్నాను. డెబ్బై దగ్గరపడ్డ వాడిని.

ఆగస్టు 9

వచ్చింది! కొంచెం సన్నబడింది. మా హెడ్ నర్సు! పరీక్షలో మంచి మార్కులు. మిఠాయి డబ్బా తెరవకముందే వీధిలో ముగ్గురికి చెప్పాను.

మిద్దె ఎక్కింది. మేం వెనుక. పద్నాలుగు కుండీలు, ఖాళీవి బోర్లించినవి. పెద్ద బంతి ఉన్న చోట గుండ్రటి మరక. అక్కడ కూర్చుంది. వేలితో దాని చుట్టూ గీసింది.

లేచి శేఖర్ వైపు చూడకుండానే అన్నది — "మొత్తం మా బాపు చేతిల్నే పెట్టిపోతే అయిపోతుండె. రైతు ఆయన. సెట్టు ముట్టుకుంటే తెలుస్తది ఆయనకు."

శేఖర్ నా కళ్ళలోకి చూడలేదు. చూస్తే బాగుండని నేను ఎదురుచూశాను.

అప్పుడైనా చెప్పొచ్చు. "ఎండగుంది, కిందికి పోదాం" అన్నాను. అదే అన్నాను.

ఆగస్టు 10

సరిత ఫోను. "బాపూ, రేపు పొద్దున రా. ఖాళీ కుండీలల్ల కొత్తయి పెడదాం. మట్టి కలుపుడు నీకు నేర్పిస్త. ఆయనకు నేర్పి లాభం లేదు."

ఆ చివరి మాట.

ఆగస్టు 11

పొద్దున. శేఖర్‌కు ఈ రోజు ఫస్ట్ షిఫ్టు. ఇంట్లో ఉండడు. నాకు అడ్డం వచ్చి తప్పు తన మీద వేసుకునే వాడు ఉండడు.

మెట్ల కింది సంచి బయటికి లాగాను. ఇది ఆమె ముందు పెడితే చాలు, నా నోరు మళ్ళీ ఎండ గురించి మాట్లాడే లోపల. నర్సమ్మ చూసింది. వచ్చి కొంగుతో సంచి మూతి తుడిచింది.

ఆటో కోసం గుమ్మంలో నిలబడి, కలబంద కింద, చీపురు పుల్ల ఒకటి విరిచి సంచిలో గుచ్చి చూశాను. ఇరవై రోజులుగా చుక్క నీరు తగలని చోట ఉంది.

పుల్లకు మట్టి అంటింది.